బస్టాపు దాటిన బండి

మడివాళలో నేనుండే పీజీ హాస్టల్ ఎదురుగా, బస్టాపు పక్కన ఒకావిడ జొన్నరొట్టెలు కాల్చి అమ్మేది. తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్నా వాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే. భర్త పోయాక ఆ తోపుడుబండి మీదే ఇద్దరు కూతుళ్లను చదివిస్తోంది. నేను అక్కా అని పిలిచేవాణ్ణి.

అప్పట్లో నేను పబ్లిక్ పాలసీలో ఎం.ఏ. చేస్తున్నాను. చిన్న వ్యాపారాలను నిలబెడితే పేదరికం తగ్గుతుందన్నది నా థీసిస్. ఆ వీధిలో బళ్లు తీసేయమని రోజూ ఎవరో ఒకరు గదమాయించేవారు. దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. బళ్లన్నిటికీ ఫ్లైఓవర్ వెనక ఒకేచోట పైకప్పు, నీటి కొళాయి, గుర్తింపు కార్డులు. మ్యాపు గీసి అక్కకు చూపించాను.

పెనం మీద రొట్టె తిప్పుతూ అంతా విన్నది. "బాగానే ఉండాది గానీ అప్పా, నా దగ్గర తినేది బస్సు కోసం నిలబడినోళ్లు. బస్సు ఈడ ఆగితే, నేను ఆడ కూర్చుని ఎవురికి అమ్మాల?"

ఆ మాట రాసుకుని థీసిస్‌లో చేర్చాను. మా గైడు చదివి, ఒక మనిషి మాట ఆధారం కాదంటూ పెన్సిల్‌తో కొట్టేశారు. నేను వాదించలేదు. నిజం చెప్పాలంటే, అది లేకపోతేనే అధ్యాయం నున్నగా ఉందనిపించింది.

ఆ అధ్యాయాన్నే నివేదికగా కార్పొరేషన్‌కు ఇస్తే అధికారులకు నచ్చింది. బళ్లవాళ్ల సంతకాలు కావాలన్నారు. వాళ్లకు నా మీద నమ్మకం లేదు, అక్క మీద ఉంది. నచ్చజెప్పమని ఆవిణ్ణి బతిమాలాను.

"చదువుకున్నోడివి, నాకన్నా నీకే తెలుసుంటాది లే" అని ఒప్పుకుంది. బండి బండికీ తిరిగి సంతకాలు పెట్టించింది.

ఫ్లైఓవర్ వెనక ఖాళీ జాగాలో రేకులు వేశారు. కొళాయి వచ్చింది. బస్టాపు దగ్గర బళ్లు నిలపకూడదని బోర్డు కూడా వచ్చింది. ఆ రేకుల కిందికి తినేవాళ్లు మాత్రం రాలేదు. నేను డిగ్రీ తీసుకుని వెళ్లిపోయాను.

ఏడాది తర్వాత వెళ్లి చూస్తే రేకుల కింద స్కూటర్లు పెట్టుకున్నారు. మర్నాడు పొద్దున్నే మెయిన్‌రోడ్డు మీద అక్క కనిపించింది. ఆనేకల్ వైపు గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చేరిందట, వ్యాను కోసం నిలబడి ఉంది. పెద్దకూతురు కాలేజీ మాని అదే ఫ్యాక్టరీకి వస్తోందట.

"అక్కా, మళ్లీ పాతచోటే ఇమ్మని నేను రాస్తాను" అన్నాను.

"బేడప్పా, వద్దు. ఇంక ఏమీ రాయొద్దు." గొంతు పెంచలేదు. "బళ్లోళ్లెవరూ నాతో మాట్లాడేది లేదు. 'నువ్వు చెప్తేనే కదా సంతకం పెట్టినాము' అని నన్నే అంటారు. నేనేం చెప్పాల వాళ్లకి? నువ్వే చెప్పు."

నాలుగు తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణేమో, ఆ తేలిక కూడా ఇవ్వలేదు. వ్యాను వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

ఇప్పుడు నేనొక సలహా సంస్థలో చిన్న వ్యాపారాల మీదే పనిచేస్తున్నాను. ఆ థీసిస్‌ను నేను చదివిన యూనివర్సిటీ విభాగంలో కొత్తవాళ్లకు మంచి నమూనాగా చదివిస్తున్నారు. ఆ తర్వాత బళ్లవాళ్లకు జరిగింది ఒక పేజీలో రాసి, దానికి చేర్చమని నేను విభాగాన్ని అడగవచ్చు. ఉద్యోగం ఏమవుతుందోనని ఇంతవరకూ అడగలేదు.