సీతారాం సేటు దిగని ఓడ

సీతారాం సేటుకు ఒకటే జబ్బు. ఆయనతో మీరు ఏ మాట మొదలుపెట్టినా అది చివరికి ఓడ దగ్గర తేలుతుంది. ఎండ మండిపోతోందంటే ఓడలో ఏసీ గురించి చెబుతాడు. వాన పడుతోందంటే ఓడ కింద ఎంత లోతు నీళ్ళుండాలో చెబుతాడు. ఫలానా ఆయన పోయాడట పాపం అంటే, ఆ ఓడ ఆస్పత్రిలో ఎన్ని మంచాలున్నాయో చెబుతాడు. పత్తర్‌గట్టిలో ఆయనది బట్టల దుకాణం, పక్కనే నాది సూట్‌కేసుల దుకాణం. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. ఆ గోడను ఇంకాస్త మందంగా కట్టించనందుకు మా నాన్నను నాలుగేళ్ళుగా తిట్టుకుంటున్నాను.

ఓడ అనగానే మీరేదో గొప్పగా ఊహించుకునేరు. అంత లేదు. దాని పేరు సాగర్ వైభవ్. ప్రపంచంలో కొండంత ఓడలున్నాయి, ముద్దొచ్చే చిన్న ఓడలున్నాయి. ఇది ఆ రెంటికీ మధ్య, ఎవరికీ గుర్తుండని కొలతలో ఉంటుంది. సేటు భాషలో 'మీడియం సైజు'. పదకొండు అంతస్తులు, ఏడొందల గదులు, రెండు ఈతకొలనులు, ఒక నాటకాల హాలు. ముప్పై ఏళ్ళ కిందట ఫిన్లాండ్‌లో కట్టారట. కట్టించినవాడు కొన్నాళ్ళు నడిపి ఇంకొకడికి అమ్మాడు. ఆ రెండోవాడు పేరు మార్చి, రంగు మార్చి మూడోవాడికి అంటగట్టాడు. మూడోవాడు దాన్ని నడిమికి కోసి, మధ్యలో ముప్పై మీటర్ల ముక్క అతికించి పొడుగు చేశాడు. ఆ తర్వాత అది మన దేశానికి వచ్చింది. ఏ సెకండ్ హ్యాండ్ స్కూటరుకైనా ఇంతకంటే మర్యాదైన చరిత్ర ఉంటుంది. సేటు మాత్రం దాన్ని రాజుల వంశావళి చదివినట్టు చదువుతాడు.

ఒకరోజు ఒకావిడ పరదాల బట్ట కోసం వచ్చింది.

"సేటూ, నాలుగు కిటికీలకు ఎన్ని మీటర్లు పడుతది?"

"ఓడకు ముప్పై మీటర్లు పట్టిందమ్మా."

"ఓడకు పరదాలా?"

"పరదాలు కాదు, ఇనుము! నడిమికి కోసిన్రు, నడుమ ముక్క వెట్టిన్రు, మళ్ళ కుట్టిన్రు. కుట్టు ఏడుందో దుర్బీన్ పెట్టి చూసినా దొరకది. మన దర్జీలకు వస్తదా గా పని?"

ఆవిడ తన కిటికీలను తలుచుకుని ఎదురు దుకాణానికి వెళ్ళిపోయింది. బేరం పోయిందన్న బాధ సేటు ముఖంలో వెతికినా కనిపించలేదు.

తన బేరాలు పాడుచేసుకుంటే నాకేం నష్టం లేదు. నావీ పాడుచేస్తాడు. నా దుకాణంలో ఎవరైనా పెద్ద సూట్‌కేసు ఎత్తి చూస్తుంటే చాలు, గడప దగ్గర ఆయన తల ప్రత్యక్షమవుతుంది.

"గా పెద్ద పెట్టె తీసుకోకమ్మా. ఓడ గదిల మంచం కిందికి పట్టది."

"నేను వరంగల్ పోతున్ననన్నా."

"ఎప్పటికన్న ఓడ ఎక్కుతవు గద!"

ఇంట్లోనూ ఇదే వరస. ఆయన భార్య విమలాదేవి ఒకసారి మా ఆవిడతో అందట, "సవతి ఉన్నా ఇంత ముచ్చట వినకపోతుంటి వదినా, గామె అయితే అప్పుడప్పుడన్న పుట్టింటికి పోయేది" అని.

ఈ ఓడ ఆయన నెత్తిన ఎలా పడిందో చెబుతాను. నాలుగేళ్ళ కిందట ఏదో బట్టల మిల్లువాళ్ళు బాగా సరుకు అమ్మాడని సేటుకు రెండు టికెట్లు బహుమానంగా ఇచ్చారు. చెన్నైలో ఎక్కించుకుని, ఐదు రోజులు సముద్రం మీద తిప్పి, మళ్ళీ చెన్నైలోనే దింపుతారు. బస్సెక్కితేనే కడుపులో తిప్పే విమలాదేవి రానంది. సేటు తన చిన్ననాటి దోస్తు మొగులయ్యను వెంట తీసుకెళ్ళాడు.

మొగులయ్యది బహదూర్‌పురాలో పాల డైరీ. మనిషి కొట్టంలో పాతిన గుంజలా ఉంటాడు. దీపావళి వెళ్ళాక సదర్ పండుగకు వాళ్ళింటి దున్నపోతును మేళతాళాలతో బజారంతా నడిపించేది ఆయనే. తలుపు పట్టనంత దున్న, చుట్టూ డప్పులు, పటాకులు, వేలమంది జనం. ఆయన చేతిలో ఒక్క పగ్గం. వాళ్ళింట్లో తాతల నాటి పట్టింపు ఒకటి ఉంది. భయమెరగని చేతికే ఆ పగ్గం ఇస్తారు. మొగులయ్య అన్న కొడుకు బాలరాజ్ పదేళ్ళుగా ఆ చేయి ఎప్పుడు వణుకుతుందా అని ఎదురుచూస్తున్నాడు.

అలాంటి మొగులయ్య ఓడ ఎక్కుతున్నాడంటే బహదూర్‌పురా ఊరుకుంటుందా? దున్నకు పూసలు కట్టి, తీన్‌మార్ కొట్టిస్తూ, నాంపల్లి స్టేషన్ దాకా ఊరేగింపుగా తీసుకెళ్ళారు. మెడ కనిపించకుండా దండలు వేశారు. "సముద్రం కొమ్ములు వంచి వస్త!" అని మొగులయ్య రైలు తలుపు దగ్గర నిలబడి అరిచాడు. ఓడ వంటవాళ్ళకు పాలు కాయడం రాదని మొగులయ్య భార్య ఎల్లమ్మ డబ్బా నిండా నెయ్యి కట్టి ఇచ్చింది. పాలకూ నెయ్యికీ ఏం సంబంధమో నేను అడగలేదు.

తిరిగి వచ్చాక అందరూ మొగులయ్య చుట్టూ మూగారు. "మొగులన్నా, ఎట్లుండె ఓడ?" ఆయన నోరు తెరిచేలోపు సేటు అందుకున్నాడు. ఆ అందుకోవడం అందుకోవడమే, నాలుగేళ్ళుగా వదల్లేదు. పెళ్ళిలోగానీ, చావులోగానీ, చాయ్ హోటల్లోగానీ ఎవరైనా మొగులయ్య వైపు తిరిగి ఓడ మాట అడిగితే, సేటు ఎక్కడున్నా వచ్చి మధ్యలో దూరిపోతాడు. అంతస్తుల దగ్గర మొదలుపెట్టి, ఓడ అటూ ఇటూ ఊగకుండా పొట్టకు రెండు వైపులా రెక్కలుంటాయని చెప్పి, ఫిన్లాండ్‌కు వెళ్ళి, కోసి అతికించి, అడిగినవాడు లేచి వెళ్ళిపోయేదాకా ఆగడు. పాపం మొగులయ్య తల వంచుకుని చాయ్ తాగుతూ ఉంటాడు. ఇంత స్వార్థపరుణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదనుకునేవాణ్ణి. ఇద్దరూ కలిసి వెళ్ళిన ఓడలో రెండోవాడికి ఒక్క మాటైనా మిగల్చడా?

ఈ ఏడు సదర్‌కు నాకు మంచి ఆయుధం దొరికింది. మా అక్క కొడుకు ప్రణీత్ ఆఫీసు స్నేహితులతో కలిసి అదే ఓడలో తిరిగి వచ్చాడు. సేటు ఓడను సేటు ముందే ముంచాలని వాణ్ణి వెంటబెట్టుకుని మొగులయ్య డైరీకి వెళ్ళాను. ఈరోజైనా మొగులయ్య చేత మాట్లాడించడం కూడా నా పుణ్యకార్యంలో ఒక భాగం.

మధ్యాహ్నం. వాకిలి నిండా జనం. దున్న పేరు దిలేర్. దానికి నూనె పట్టించి, కొమ్ములకు రంగు వేసి, మెడలో గవ్వల పట్టీ కట్టారు. మొగులయ్య కొత్త తలపాగాతో పగ్గం పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే బాలరాజ్ ఉన్నాడు. నేను గొంతు పెంచి ప్రణీత్‌ను పరిచయం చేశాను.

"బాపూ, నేను గూడ సాగర్ వైభవ్‌లనే పోయొచ్చిన," అన్నాడు ప్రణీత్ సంబరంగా. "ఎక్కంగనే అందరికీ నారింజ రంగు జాకెట్లు తొడిగి లైన్ల నిలవెడ్తరు గద, మీ సైజుది దొరికిందా?"

"జాకెట్టా?" అన్నాడు మొగులయ్య.

"జాకెట్లు రెండు వేలు!" అంటూ సేటు జనంలోంచి దూసుకొచ్చాడు. "పడవలు పద్నాలుగు, ఒక్కొక్క పడవల..."

"సేటూ, నిన్ను అడగలే," అన్నాను నేను. "మొగులన్నను చెప్పనీ."

"గాయనకు సదర్ పనుంది భాయ్. నన్నడుగు. ఫిన్లాండ్‌ల కట్టినప్పుడు..."

"అయ్యో, ఊకో కాకా," అన్నాడు బాలరాజ్. "చిన్నాయన నాలుగేండ్ల సంది ఒక్క ముక్క చెప్పలే. ఇయ్యాల ఇంటం."

ప్రణీత్ నవ్వుతూ మళ్ళీ అడిగాడు. "నేనైతే రెండుసార్లు గది కీ పోగొట్టుకున్న. మీరెట్ల దాచుకున్నరు బాపూ?"

మొగులయ్య ఇటు చూశాడు, అటు చూశాడు. దిలేర్ వైపు కూడా చూశాడు. "నడుముకు కట్టుకున్న. ఇంత లావు ఇత్తడి తాళంచెవి. మన కొట్టం తాళం లెక్కనే ఉండె" అన్నాడు.

"ఇత్తడా? అక్కడ కీ అంటే ప్లాస్టిక్ కార్డే గద!"

వాకిట్లో డప్పువాడి చేయి కూడా ఆగింది. బాలరాజ్ కళ్ళు పెద్దవయ్యాయి. "చిన్నాయనా, నువ్వు అసలు ఓడ ఎక్కినవా?" అన్నాడు. అంటూనే, తనకు తెలియకుండానే, పగ్గం వైపు చేయి చాచాడు.

సీతారాం సేటు ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"ఎక్కలే. ఇద్దరం ఎక్కలే. గని తప్పు మొగులయ్యది కాదు, నాది. ఓడ నిచ్చెన చూసిన, నాకు చక్కరొచ్చింది. కండ్లు తిరిగినయ్. నేను రానంటే రానని కూసున్న. దోస్తును ఇడిసిపెట్టి పోలేక గాయన గూడ ఆగిండు. ఐదు దినాలు చెన్నైల లాడ్జిల ఉన్నం. ఇజ్జత్ పోతదని నేనే గీ ఓడ కథలన్నీ చెప్పుకుంట తిరిగిన. నవ్వాలంటే నన్ను చూసి నవ్వున్రి."

నవ్వక ఊరుకుంటారా? వాకిలి వాకిలంతా విరగబడి నవ్వింది. నాలుగేళ్ళు మా చెవులు తిన్న మనిషి ఓడ మెట్టు కూడా ఎక్కలేదు! అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. బాలరాజ్ చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. సేటు చేతులు కట్టుకుని, పెళ్ళికొడుకులా ఆ నవ్వులన్నీ నెత్తిన వేయించుకుంటున్నాడు.

"ఆపున్రి!"

మొగులయ్య గొంతు అది. దిలేర్ కూడా ఉలిక్కిపడింది.

"భయపడ్డది సేటు కాదు. నేను," అన్నాడు. "నిచ్చెన మీద రెండడుగులేసిన. కింద నీళ్ళు కదులుతున్నయ్. ముంగట ఓడ కదులుతున్నది. పట్టుకుందమంటే ఒక్క కొమ్ము లేదు. నా తోని కాలె. సేటు అప్పటికే లోపటికి పోయి, పైకెళ్ళి చెయ్యూపుతున్నడు. నన్ను చూసి ఉరికొచ్చి దిగిండు. 'నాకు గూడ భయమైతున్నది మొగులూ, పా పోదం' అన్నడు. గాయన మొకం నాకెరుకలేదా? జర్ర గూడ భయం లేదు. అటెనుక గా ఓడ మమ్ములను ఇడిసిపెట్టి పోయింది. అది కనవడకుండ అయ్యేదాంక చూసుకుంట నిలవడ్డం. నెయ్యి డబ్బా గూడ లాడ్జిలనే అయిపోయింది."

"మొగులూ, నీకెవడు చెప్పుమన్నడు?" అన్నాడు సేటు కోపంగా. ఆయనకు కోపం రావడం నేను చూసింది అదే మొదటిసారి.

మొగులయ్య వినిపించుకోలేదు. పగ్గం తీసి బాలరాజ్ చేతిలో పెట్టబోయాడు. మొన్నటిదాకా స్వార్థం అని నేను పేరు పెట్టినది మరోటని అప్పుడు అర్థమైంది. ఎవరూ మొగులయ్యను అడగకూడదనే ఆ మనిషి ఊరందరి విసుగునూ నాలుగేళ్ళు మోశాడు.

అప్పుడు పసుపు గిన్నెతో ఎల్లమ్మ ముందుకొచ్చింది. భర్త వైపు కన్నెత్తి కూడా చూడలేదు. బాలరాజ్‌తో అంది, "నువ్వు దీనికి ఒక్క దినమన్న కుడితి పెట్టినవారా?"

"లేదు చిన్నమ్మా."

"దిలేర్ మీ చిన్నాయన ఎంబడి నడిచేది ఆయనకు భయం లేదని కాదు. రోజూ ఆయన చేతి కుడితి తాగుతది గనుక. సముద్రానికి ఈయన ఎన్నడన్న కుడితి పెట్టిండా, గది ఎట్ల మాట వింటది?" అని భర్త వైపు తిరిగింది. "నువ్వే పట్టు పగ్గం. పొద్దు వోతున్నది."

వాకిట్లో ఒకరు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఈసారి మొగులయ్య కూడా నవ్వాడు. డప్పు మళ్ళీ మొదలైంది. ఆ సాయంత్రం దిలేర్ ఎప్పటికంటే బాగా నడిచిందని అందరూ అన్నారు. దున్న నడకలో బాగు ఎలా తెలుస్తుందో నాకు తెలియదు, కానీ నేనూ అన్నాను.

తర్వాత వారం రోజులు సేటు దుకాణంలోంచి ఓడ అనే మాటే వినిపించలేదు. మొదట హాయిగా ఉంది. తర్వాత పన్ను పీకాక నాలుక అక్కడికే పోయినట్టు నా చెవి ఆ గోడ వైపే పోవడం మొదలైంది. ఓ మధ్యాహ్నం ఉండబట్టలేక వెళ్ళి కూర్చున్నాను.

"సేటూ, ఇంకొకసారి చెప్పు, గా ఓడను కోసి అతికించిన ముచ్చట."

"తోబ తోబ! పేరెత్తకు భాయ్," అన్నాడు చెంపలు వేసుకుంటూ. "నాకు ఓడలంటే ముందుగాల్నించి పడది. లాడ్జిల కూసోని ఓడోళ్ళిచ్చిన పుస్తకం బట్టీ వట్టిన. సందు దొరికితే ఎవడో ఒకడు మొగులును అడుగుతడు గద. చెప్పి చెప్పి నోరు నొచ్చింది. ఇగ ఇప్పుడు పానం సల్లగుంది." మర్యాదకోసం అన్నట్టు, "నువ్వు చెప్పు, సూట్‌కేసులల్ల కొత్తగ ఏమొచ్చినయ్?" అన్నాడు.

నాలుగేళ్ళలో ఆయన నా వ్యాపారం గురించి అడగడం అదే మొదలు. నేను చక్రాలతో మొదలుపెట్టి, జిప్పులు, పిడులు, తాళాలు, లోపలి అస్తరు గుడ్డ దాకా గంటసేపు చెప్పాను. సేటు మధ్యలో రెండుసార్లు ఆవులించాడు. నేను ఆపలేదు.