మామయ్య రాసిచ్చిన హామీపత్రం

మా మామయ్య కథలు పదిహేడు అచ్చయ్యాయి. వాటిలో ఒక్కటి కూడా కథల పత్రికలో రాలేదు.

ఊరికి నీళ్లెక్కించే పంపుహౌస్‌లో ఆయన ఆపరేటర్. మోటారు వేస్తే ట్యాంకు నిండడానికి రెండున్నర గంటలు పట్టేది. ఆ రెండున్నర గంటలూ ఇనపబల్ల మీద అట్ట పెట్టుకుని కథ రాసేవాడు. పాత్రల మాటలు పైకి అరిచి మరీ సరిచూసుకునేవాడు, ఆ హోరులో వినేదెవరు? ఎప్పుడైనా ట్యాంకు పొంగి వీధిలో జనం తిట్టిపోస్తుంటే, "ఇవాళ కథ ముగింపుకొచ్చినట్టుంది" అని మా అమ్మ నవ్వేది.

అమ్మ ఆయనకు అక్క. వాళ్లమ్మ పోయేనాటికి మామయ్యకు మూడేళ్లు, అమ్మకు పన్నెండు. అమ్మ బడి మానేసి తమ్ముణ్ణి చంకనేసుకుంది. చదువు ఆగిపోయినా చదవడం మాత్రం మానలేదు. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా విప్పి చదివాకే పారేసేది.

ఏ పత్రికకు ఎలాంటి కథ కావాలంటే అలాంటిది రాసేవాడు మామయ్య. సినిమా వారపత్రికలో ఆయన ప్రేమకథ హీరోయిన్ బొమ్మ చుట్టూ ముక్కలు ముక్కలుగా పడింది. ముగింపు కావాలంటే ఆవిడ మోచేతి కింద వెతుక్కోవాలి. వ్యవసాయ మాసపత్రిక వాళ్లు, విడిపోయిన అన్నదమ్ముల కథలో పేజీడు ఎరువు సంగతులు కలిపారు. జాతకాల పత్రికలో నాయకుడి కష్టాలన్నీ గ్రహాల నెత్తిన పడ్డాయి. ఉద్యోగ సంఘం బులెటిన్‌లో సగం కథ వచ్చాక సంఘమే రెండుగా చీలింది, మిగతా సగం ఎవరు వెయ్యాలో తేలలేదు. పిల్లల పత్రిక వాళ్లు కుక్క చావకూడదన్నారు, బతికించాడు. ఎవరేమన్నా తలూపేవాడు. అంత సర్దుకుపోయే మనిషిని చూస్తే జాలేసేది, ఒళ్లు మండేది కూడా.

ఒక్క కథ మాత్రం ఎవరూ అడగకుండా రాసుకున్నాడు. అది అమ్మ కథ. దాన్ని, అమ్మ నెలనెలా లైబ్రరీ నుంచి తెచ్చుకునే కథల మాసపత్రికకు పంపాడు. దానితోపాటు హామీపత్రం: 'ఈ కథ నా సొంతం. మీ నిర్ణయం తెలిసేదాకా మరెక్కడికీ పంపను.' అందరూ రాసేదే అది. ఇంకో రెండు పత్రికలకు పంపేసి మరీ రాసేవాళ్లు బోలెడుమంది. నెల తిరక్కుండానే కార్డు వచ్చింది: 'మీ కథ తీసుకున్నాం. వీలు వెంబడి వేస్తాం.'

నాలుగేళ్లయినా వాళ్లకు వీలు కాలేదు.

ఈలోగా అమ్మ చూపు మందగించింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందన్నాడు డాక్టరు. పోయిన చూపు ఇక రాదు. చుక్కలు వేసుకుంటే ఉన్నది కొన్నాళ్లు నిలుస్తుంది, అంతే.

నేను మామయ్య మీద విరుచుకుపడ్డాను.

"నీ దగ్గర నకలుంది కదా మామయ్యా! కళ్లు కనిపిస్తుండగానే అమ్మ చేతికివ్వు."

"చేతిరాత కాగితాలా? అక్క బతుకే అది, సరుకుల చీటీ కాదు. అచ్చులోనే చదవాలి."

"అయితే ఇంకో పత్రికకి పంపు."

"మాటిచ్చానే. సంతకం కూడా పెట్టాను."

మరుసటేడు ఆ మాసపత్రిక మూతపడింది. హమ్మయ్య అనుకున్నాను. మామయ్య ఏం చేశాడో తెలుసా? తనను హామీ నుంచి విడుదల చేయమని ఆ మూసేసిన ఆఫీసుకే ఉత్తరం రాశాడు. జవాబు కోసం ఏడాది కాచుకున్నాడు, మధ్యలో ఇంకో రెండు రాశాడు. చివరికి నేనే వెళ్లాను. అక్కడిప్పుడు టైల్స్ దుకాణం. మూడు ఉత్తరాలూ మెట్ల కింద పోస్టు డబ్బాలో విప్పకుండానే ఉన్నాయి. తెచ్చి ఆయన ముందు పడేశాను.

మామయ్య తన చేతిరాతనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. "అయితే ఇక పంపొచ్చంటావా?" అన్నాడు.

ఎక్కడికని పంపుతాడు? సినిమా పత్రికలో బొమ్మలు తప్ప అక్షరాలు మిగల్లేదు. తక్కినవి ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇంకా కథ వేస్తున్నది ఒక మూలికావైద్యుడి ఆరోగ్య మాసపత్రిక ఒక్కటే. షరతు కూడా ఒకటే, కథ చివర ఎవరో ఒకరికి మూలికతో జబ్బు నయం కావాలి. అమ్మకు అప్పటికే ఎదురుగా ఉన్నది కాస్త తప్ప పక్కనున్న మనిషి కనిపించడం మానేశాడు. మామయ్య ఆఖరి పేరా కొట్టేసి, ఏదో వేరుకు నోటికొచ్చిన పేరు పెట్టి, కథలోని అక్కకు చూపు పోయినట్టు, దాని రసంతో తిరిగొచ్చినట్టు రాశాడు. రెండో నెలలోనే అచ్చయింది.

అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, భూతద్దంతో ఐదు రోజులు చదివింది. మామయ్య రోజూ డ్యూటీ దిగగానే వచ్చి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చునేవాడు. ఐదో రోజున అమ్మ భూతద్దం కింద పెట్టింది.

"రాత్రిళ్లు నీ పలక మీద నేను లెక్కలు చేసుకోవడం నీకెలా తెలుసురా? నిద్రపోయేవాడివిగా."

"పోలేదక్కా. చూస్తూ ఉండేవాణ్ణి."

అమ్మ ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ల నిరీక్షణా ఈ ఒక్క మాట కోసమేనేమో, పోన్లే దక్కింది అనుకున్నాను.

కళ్లు తుడుచుకుని అమ్మ అడిగింది. "అంతా ఉన్నదున్నట్టు రాశావురా. మరి ఆ వేరు సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం? ఎక్కడ దొరుకుతుంది?"

మామయ్య నా వంక చూశాడు. అది కల్పన అని నేనైనా చెప్పొచ్చు. కానీ అదొక్కటీ అబద్ధమంటే, తక్కినదంతా ఏమవుతుంది?

"ఇప్పుడు దొరకట్లేదక్కా," అన్నాడు మామయ్య. "ఆ మొక్కలు పోయాయి."

"ఎప్పుడు?"

"ఓ రెండుమూడేళ్లయింది."

అమ్మ పత్రిక మూసి ఒళ్లో పెట్టుకుంది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు.

"ఈ కథేదో కాస్త ముందే వేయించి ఉండాల్సిందిరా."

"అవునక్కా," అన్నాడు మామయ్య.