పలకరింపులు తినేసిన ఆరు నిమిషాలు

గుండెలో స్టెంటు వేసిన మూడు నెలలకు గుంటూరు ఆసుపత్రిలో నన్ను ఆరు నిమిషాలు నడిపించారు. వరండాకు రెండు చివర్లా ఎర్రటి ప్లాస్టిక్ కోన్లు పెట్టారు. వాటి మధ్య ఆ కాసేపట్లో ఎంత దూరం తిరిగితే ఒంట్లో అంత సత్తువ ఉన్నట్టు. బాగా నడిస్తే మిరప కోతలకు పొలం వెళ్లొచ్చన్నారు డాక్టరుగారు. నడవలేకపోతే ఆ రెండెకరాలూ మరిదికి కౌలుకిస్తానని మా ఆయన ముందే మాటిచ్చేశారు. నన్ను ఒక్క ముక్క అడగలేదు. అది నేను మరిచిపోలేదు.

మొదటిసారి ఆ చివర నుంచి ఈ చివరకు ఎనిమిది సార్లే తిరిగాను. కాళ్లకేం కాలేదు. బెంచీల నిండా మా పర్చూరు వైపు వాళ్లే ఉన్నారు!

"ఏం పిన్నీ, గుండెకేదో అయిందంటగా?" అని ఒకామె అడిగింది. ఆగి చెప్పాను. వాళ్ల కోడలి కాన్పు సంగతి కనుక్కున్నాను. అవతలి కోను దగ్గర ఇంకొకాయన. నడుస్తూ జవాబు చెబితే మా ఊళ్లో పొగరంటారు. నడిచేటప్పుడు మాట్లాడొద్దని సిస్టరు చెప్పిన మాట నిజమే. పలకరిస్తే బదులు చెప్పడం కూడా మాట్లాడటం కిందికి వస్తుందని ఎవరనుకుంటారు?

డాక్టరుగారు కాగితం చూసి, "పొలం వద్దమ్మా. నెల తర్వాత చూద్దాం" అన్నారు. ఎంత వాదించినా వినలేదు. కౌలు సంగతీ ఆ నెల దాకా ఆగింది.

ఆ సాయంత్రమే మరిది టీకొట్టు దగ్గర నలుగురిలో నవ్వాడట. "మా వదిన ఆసుపత్రి వరండానే దాటలేకపోయింది, ఇంక మిరప సాళ్లేం దాటుద్ది?"

నెల తిరిగింది. తోడుగా వస్తానని అతనే కారు తీశాడు. ఎందుకొస్తున్నాడో నాకు అర్థమైంది. సిస్టరు "మొదలెట్టండి" అనగానే బయల్దేరాను. ఎవరు పలకరించినా చేతులు జోడించి సాగిపోయాను. అయిదు, ఆరు, ఏడు!

"కాస్త కూర్చో వదినా, ఆయాసమొస్తంది!"

వినలేదు. ఎనిమిది దాటాను. ఒళ్లంతా చెమట, ఛాతీలో మాత్రం నొప్పి లేదు. ఆనందంతో అరవాలనిపించింది. ఈసారి మరిది ఫోను నా మొహం ముందు పెట్టాడు.

"మీ అక్క లైన్లో ఉంది, మాట్లాడు."

స్పీకర్లో అక్క గొంతు: "ఏమేవ్, వినపడతందా?"

తోడబుట్టిన మనిషి! అయినా దాటేశాను.

"ఒక్క నిమిషముందమ్మా" అంది సిస్టరు. పదమూడు. పద్నాలుగు. పదిహేనోసారి కోను తాకేసరికి "ఆగండి!" అని, నా కాళ్ల దగ్గర నేల మీద గుర్తుగా టేపు అంటించింది.

అక్క ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. ఆ అలక కూడా మరిది ఖాతాలోనే వేశాను.

"పొద్దున పూట రెండు గంటలు వెళ్లండి. బరువులెత్తొద్దు" అన్నారు డాక్టరుగారు.

"కాగితం మీద రాసివ్వండి."

నవ్వి రాసిచ్చారు. వరండాలోకొచ్చి ఆ కాగితం మరిది చేతిలో పెట్టాను.

"చదువు. బెంచీల వాళ్లకు వినపడేలా చదువు."

చదివాడు. "రెండు గంటలేగా" అని గొణిగాడు.

చాలు. ఏ సాలులో పండుకాయలు వదిలేశారో కనిపెట్టడానికి నాకు రెండు గంటలు ఎక్కువే. ఇంటికి రాగానే కోత కూలీలకు ఫోను చేసి, రేపు పొద్దున్నే రమ్మన్నాను.