పోసవ్వ మనుమరాలి పళ్లెం

ఉదయం ఏడూ పదికి పోసవ్వ అన్నం గిన్నెను పొయ్యి మీది నుంచి దించింది. అది పత్తి ఏరే కాలం. ఆదిలాబాద్ జిల్లా బోథ్ మండలంలో, చిన్నపిల్లల రక్తహీనతపై జరుగుతున్న పరిశోధనకు పర్యవేక్షకుడిగా నన్ను వేసిన ఏడాది. నాతో పనిచేసిన క్షేత్ర పరిశోధకురాలు ఎస్తేరు. మంథని దగ్గరి పల్లెలో, మిషన్ చర్చికి వెళ్లే రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. హోదాలో నాకంటే కింద, వయసులో పైన. ఆమె నన్ను సారు అనేది, నేను ఆమెను అక్కా అనేవాణ్ణి.

మా పని ఇది. ఇనుము, జింకు, విటమిన్-ఎ కలిసిన పొడి పొట్లాలు ఇంటింటికీ ఇస్తాం. రోజుకొకటి చల్లారిన అన్నంలో కలిపి పిల్లకు పెట్టాలి. వేడి అన్నంలో కలిపితే రంగూ రుచీ మారి పిల్లలు ఉమ్మేస్తారు. ఖాళీ పొట్లాలు వెనక్కి తీసుకుంటాం. పొట్లం ఖాళీ అయితే పొడి అందినట్టు లెక్క. కొన్నాళ్లకొకసారి వేలి కొస నుంచి చుక్క రక్తం తీసి హిమోగ్లోబిన్ చూస్తాం.

పోసవ్వ మనుమరాలు మౌనికకు మూడేళ్లు. తల్లి పొద్దున్నే పత్తికి పోతుంది కనుక పిల్లకు తినిపించేది పోసవ్వే. ఖాళీ పొట్లాలన్నీ సరిగానే తిరిగొచ్చాయి. రక్తం మాత్రం పెరగలేదు. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల తెల్లగానే ఉండేది. ఆసుపత్రిలో ఇచ్చిన సిరప్ తాగితే కక్కేది. పొట్లాలు ఖాళీ అయినా రక్తం పెరగకపోతే పొడి సరిగా అందలేదనే అనుమానించి, ఆ ఇంటిని పరిశోధన నుంచి తప్పించాలని నియమం. ఆదిలాబాద్‌లో మా ప్రాజెక్టు అధికారి ఆ మాటే అన్నారు. తప్పిస్తే ఆ పిల్లకు పొడి కూడా ఆగిపోతుంది. తర్వాతి పరీక్ష దాకా గడువు అడిగాను, ఇచ్చారు.

అందుకే ఆ పొద్దున వెళ్లాం. ఎస్తేరు ఏమీ అడగలేదు. గోడవార కూర్చుని చూసింది. పోసవ్వ ఒకే పళ్లెంలో అన్నం, పప్పు వేసి ఆరనిచ్చింది. పొడి చల్లి మొత్తం కలిపి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. మౌనిక నాలుగు ముద్దలు తిని లేచిపోయింది. మిగిలినది పోసవ్వ తింది.

పొడిలో ఎక్కువ వంతు ఎవరికి పోతోందో ఎస్తేరు ఆమెకు మెల్లగా చెప్పింది. పోసవ్వ మోకాలు తడుముకుంది.

"గందుకేనా, గీ నడుమ మోకాళ్లు గుంజుతలేవు? పోరికి పట్టాల్సిన రక్తం నాకు పట్టింది."

రేపటి నుంచి పిల్లకు వేరే పళ్లెం పెట్టమన్నాను. మా సూచనల్లో ఉన్నదీ అదే. మర్నాడు మళ్లీ వెళ్లేసరికి పోసవ్వ మా మాట కాదనలేక పెట్టింది. మౌనిక మూతి బిగించింది. ఎంత బుజ్జగించినా వినక ఏడ్చింది.

"వేరే పళ్లెం పెట్టేది రోగమొచ్చినోళ్లకు, సారు. గీ పోరి ఏం జేసింది?" అంది పోసవ్వ.

ఎస్తేరు ఆ చిన్న పళ్లెం తీసేయించింది. పెద్ద పళ్లెంలో ఓ పక్కకు కాస్త అన్నం జరపమంది.

"అవ్వా, పొడి అంతట కలపకు. గీ రెండు ముద్దలల్ల కలుపు. గవి పోరికి పెట్టినంక ఇద్దరు కలిసి తినుండ్రి."

"అంటే గప్పటిదాంక నేను చెయ్యి కడుక్కొని కూసోవాల్నా?"

"జరసేపే. నీకు ఆకలైతే పోరిని జల్ది తినమను."

పోసవ్వ నవ్వింది. మౌనిక ఆమె ఒళ్లో కూర్చుని, ఆమె చేతి నుంచే ఆ రెండు ముద్దలూ తిన్నది.

తర్వాతి పరీక్షలో పిల్ల రక్తం పెరిగింది. ఆ ఇల్లు పరిశోధనలో ఉండిపోయింది. పొడిని మొదటి ముద్దల్లోనే కలపాలన్న వాక్యం మా సూచనల్లో చేరింది. అందులో ఎస్తేరు పేరు లేదు. అలాంటి వాటిలో పేర్లు ఉండవు. ఈ వానకాలం ఆమె పోయింది. వాళ్ల చర్చిలో నన్ను రెండు మాటలు చెప్పమంటే ఈ సంగతే చెప్పాను.

ఖాళీ పొట్లం పొడి పళ్లెంలో పడిందని మాత్రమే చెబుతుంది. అది ఎవరి కడుపులోకి వెళ్లిందో తెలియాలంటే భోజనం చూడాలి. నాకు తెలిసిన సర్వేల్లో ఇప్పుడు పొట్లాలు ఇచ్చాక ఇంటివాళ్లకు ఫోన్ చేసి అడుగుతున్నారు. పిల్ల తినే వేళకు ఎవరూ వెళ్లి కూర్చోవడం లేదు.