సెలైన్ సీసాతో బాపట్ల దాకా

పాత మోటారు సైకిళ్ళ గురించి తెనాలిలో మాట్లాడని మనిషి లేడు. తెలిసిన మనిషీ లేడు. ఎనభైల చివర్లో నా దగ్గర అలాంటి బండి ఒకటి ఉండేది. రేపల్లెలో ఒక దొరగారు నడిపి, స్వదేశం పోతూ కన్నీళ్ళతో వదిలిన బండి అని ఊరంతా చెప్పుకున్నాను. కన్నీళ్ళూ లేవు, దొర దాన్ని నడిపిందీ లేదు. దొరగారి వంటవాడి అల్లుడు దానిమీద రొయ్యలు మోసేవాడు. కొన్న ఏడాదికి కూడా ఆ వాసన పోలేదు.

మా బావమరిదికి అదంటే చులకన. బాపట్లలో ఎరువుల కొట్టు వాడిది. కుట్టుమిషను చప్పుడు చేసే జపాను రకం బండి కొని, రోజూ చంటిపిల్లకి పోసినట్టు దానికి నీళ్ళు పోస్తాడు. అలాంటివాడు గృహప్రవేశానికి పిలవడానికొచ్చి, మా గుమ్మం ముందు పెట్రోలు మరక చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఏంటి బావా, దీనికింకా పక్క తడిపే అలవాటు పోలేదా?"

"మీ అక్కని దీనిమీదే తీసుకొస్తాను, చూస్తూ ఉండు."

"రాకపోతే?"

"మేం బస్సు దిగితే బండిని పాత ఇనుములో వేసెయ్."

"నన్నెవరూ అడగరేం?" అంది మా ఆవిడ లోపల్నుంచి. ఎవరూ అడగలేదు.

మర్నాడు మెకానిక్ దగ్గరికి పోయాను. ఎన్ని బళ్ళు విప్పాడో అన్నీ విప్పినట్టే ఉంచే మహానుభావుడు. టాంకు మూత తీసి, ఒక కన్ను మూసి, ఆ చీకట్లోకి చాలాసేపు చూశాడు.

"లోపలంతా తుప్పు సార్. గుప్పెడు కంకర పోసి ట్రాక్టరు చక్రానికి కట్టించండి. అమృతలూరు పోయొచ్చేసరికి అద్దమైపోద్ది."

"ముందు చింతపండు పులుసు పోసి నానబెడితే?" అన్నాను. ఇత్తడి బిందెలు తోమడం చూసిన తెలివి అది.

"అదీ చేయండి, ఇదీ చేయండి."

అదీ చేశాను, ఇదీ చేశాను. ఆ టాంకు మొయ్యడానికి నలుగురం పట్టామని చెబుతుంటాను గాని, చంకలో పెట్టుకుని నేనొక్కణ్ణే అంగలకుదురు తీసుకెళ్ళాను. అక్కడి ట్రాక్టరు అమృతలూరు పోయొచ్చింది. చక్రం నుంచి టాంకు విప్పి చూస్తే లోపల నిజంగానే అద్దం. వెలుగెక్కణ్ణుంచి వస్తోందా అని తిప్పి చూస్తే అడుగంతా చిల్లులు. ఇన్నేళ్ళూ దాన్ని పట్టి ఉంచింది ఆ తుప్పే.

తెచ్చి చూపిస్తే మెకానిక్‌కి సిగ్గన్నది ఉంటేగా. "తుప్పు పోయింది కదండీ!" అన్నాడు.

"మరి ఈ చిల్లులో?"

"అవి ముందునించీ ఉన్నయ్యేనండి. ఇప్పుడు కనపడ్డాయి." ఆ చిల్లుల్లో బట్టల సబ్బు కుక్కాడు. "పెట్రోలుకి సబ్బు కరగదండి. బాపట్లేంటి, మద్రాసు పోవచ్చు."

గృహప్రవేశం నాడు పొన్నూరు దాకా దొరలాగే పోయాం. ఊరు దాటాక గతుకులకి సబ్బు ఊడి, నా మోకాలు చల్లబడింది. రోడ్డు పక్క ఆర్‌ఎంపీ డాక్టరుగారి గది కనపడింది. వచ్చిన ప్రతివాడికీ సెలైన్ ఎక్కించే రకం ఆయన. మనిషినొదిలి బండికి వైద్యం అడిగేసరికి చిన్నబుచ్చుకుంటూనే ఖాళీ సీసా, గొట్టం ఇచ్చాడు. టాంకులో మిగిలిన పెట్రోలు సీసాలోకి వంపి, గొట్టం ఇంజనుకి తగిలించాను. సీసా ఎత్తి పట్టుకోవాలి. ఎవరు పట్టుకోవాలో చెప్పనక్కర్లేదు.

పట్టుచీర కట్టుకుని, వెనక కూర్చుని, చెయ్యి ఆకాశానికెత్తి మా ఆవిడ బాపట్ల దాకా వచ్చింది. కాలవ వంతెన వస్తే "పెంచు" అనేవాణ్ణి. గొట్టానికున్న చక్రం తిప్పేది. మాట వినాలనిపించకపోతే తగ్గించేది. బండి ఆగేది.

పందిట్లో జనం లేచి చప్పట్లు కొట్టారని చెప్పుకున్నాను. లేచింది నిజమే, పెట్రోలు కంపుకి.

"ఏంటక్కా, దీన్ని ఏ వార్డులో చేర్పించాలి?" అన్నాడు బావమరిది. తర్వాత టాంకు మీద వేలితో కొట్టాడు. డొల్ల చప్పుడు. "టాంకు ఖాళీ బావా. ఇది రావడమేంటి, మా అక్క మోసుకొచ్చింది! పాత ఇనుమువాడికి కబురెట్టేస్తున్నాను."

బండి తాళం వాడి చేతికిద్దామని జేబులో చెయ్యి పెట్టాను. మాటంటే అంత లక్షణంగా ఇచ్చేశాను మరి.

"ఒరేయ్, మేం బస్సు దిగామా?" అంది మా ఆవిడ. చెయ్యింకా పైనే ఉంది.

"దిగలేదనుకో..."

"అయితే బండి ఉంటుంది. ముందీ చెయ్యి దించు, పట్టేసింది."

వచ్చినవాళ్ళందరి ముందూ వాడు అక్క చెయ్యి మెల్లగా దించి, ఆముదం రాసి, చాలాసేపు పిసికాడు. చూడ్డానికి నాకు ఎంత హాయిగా ఉందో! మా ఆవిడ అప్పుడు నా వైపు తిరిగింది.

"మీ బండి మీకుంది కదండీ. నేను బస్సులో పోతాను."

వెనక సీటుకి వెదురు కర్ర కట్టి, దానికి సీసా నింపి వేలాడదీసుకుని ఒక్కణ్ణే బయల్దేరాను. పెంచమంటే పెంచేవాళ్ళు లేరు. ప్రతి వంతెన దగ్గరా దిగి నెట్టాను. తెనాలి చేరేసరికి ఆవిడ వంట చేసి, తినేసి, నాకు మూత పెట్టి ఉంచింది.