లంగరు సిద్ధాంతం

గాజువాకలో మా వీధికి ఇంటర్నెట్ ఇచ్చే ఆపరేటర్, కనెక్షన్ ఎప్పుడు పోయినా హార్బరు వైపు వేలు చూపించేవాడు. "ఏదో ఓడోడు లంగరేసినాడు బావా, సముద్రంలో కేబుల్ తెగిపోనాది." ఆధారమేమిటని నేను అడగని రోజు లేదు.

ఒకనాడు మా ఆవిడ ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. అరగంట ముందు కనెక్షన్ పోయింది. అతను వచ్చి, యథాప్రకారం వేలు ఎత్తాడు. అతనిదే కనెక్షన్ పక్కింట్లో పనిచేస్తోందని చూపించాను.

"అయితే సిన్న ఓడ" అన్నాడు.

మేడ ఎక్కాం. ముందురోజు పక్కింటి పనికి వచ్చి అతను తగిలించి మరిచిపోయిన పనిముట్ల సంచి మా కేబుల్‌కే వేలాడుతోంది. ఆ బరువుకు తీగ మడతపడింది. సంచి తీసి, తీగ సరిచేయగానే లైన్ వచ్చింది. కింద ఇంటర్వ్యూ మొదలైంది. నేను అతని వంక చూశాను.

అతను సంచిని రెండు చేతులా ఎత్తి చూపించాడు.

"నాను సెప్పనేదేటి బావా? ఇదిగో, లంగరు!"