బూడిదలో గుండ్రటి గుర్తులు

బొటనవేలంత బొమ్మకు రంగు వేయడం పిల్లలాట అనుకునేవాళ్లు ఒకసారి వేసి చూడాలి. హుకుంపేట అవతల కొండ ఊళ్ళో నీలవేణి వేసి చూసింది. మొదటి రెండు బొమ్మలకీ రంగు చిక్కగా పట్టించేసరికి ముక్కూ నోరూ పూడిపోయి పేడముద్దల్లా మిగిలాయి.

ఆ బొమ్మలు ఆమె అన్న భాస్కర్‌వి. బల్ల మీద ఆడే యుద్ధం ఆట కోసం ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ప్లాస్టిక్ సైనికులు. ఒక్కొక్కరి కాళ్ల కింద రూపాయి బిళ్ళంత గుండ్రటి పీట. భాస్కర్ సీలేరులో కాంట్రాక్టు పనికి వెళ్ళి నీళ్లలో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. ఇంట్లో మిగిలింది నీలవేణి, నెలలు నిండుతున్న వదిన రత్న.

ఊరికే కూర్చుంటే ఏడుపొస్తోందని నీలవేణి అన్న కుంచె పట్టింది. ఫోన్లో వీడియోలు చూసి రంగు పలచన చేయడం, ఒక పూత ఆరాకే ఇంకోటి వేయడం నేర్చుకుంది. మూడో బొమ్మ కుదిరింది. కుదిరాక ఊరుకోవచ్చు కదా! సైనికుడి కోటును అన్న వేసుకునే నీలం స్వెట్టర్ చేసింది, తలకు ఎర్ర మంకీ క్యాప్ దిద్దింది, ఎడమ కనుబొమ మీద అన్నకున్న గాటు కూడా పెట్టి, బల్ల మీద నిలబెట్టింది.

పోయినవాణ్ణి ఇంట్లోకి పిలవడం ఆ మర్నాడే. గుమ్మం నుంచి లోపలిదాకా బూడిద జల్లి, తలుపు మూసి, అందరూ పక్కింట్లో పడుకుంటారు. తెల్లారి బూడిదలో అడుగు కనబడితే మనిషి ఇల్లు చేరినట్టు. అలా చేరితేనే పుట్టబోయే బిడ్డగా వస్తాడని వాళ్ల నమ్మకం. రత్న ఆ ఆశ మీదే బతుకుతోంది.

పొద్దున్నే మంచులో ఊరిపెద్ద గాసి తలుపు తీశాడు. అడుగుల్లేవు. గుమ్మం దగ్గర మొదలై బల్లదాకా రూపాయి బిళ్ళంత గుండ్రటి గుర్తులు, జానెడేసి దూరంలో, వరసగా. బల్ల మీద బొమ్మ నిలబడే ఉంది. పీటకు బూడిద. మొన్ననే ఆరిపోయిన స్వెట్టర్ తడిగా ఉంది.

“ఏటి సేసినావే గుంటా!” గాసి బొమ్మను వేలెత్తి చూపాడు. “ఇంట్లోకి పిలవకముందే రూపు కట్టీసినావు. ఆడు దాన్లో సొరబడిపోనాడు. బేగి అట్టుకెళ్ళి గెడ్డలో వొదిలీ. నేదంటే బిడ్డయి పుట్టడు.”

“నీకు దండవెడతాను, ఎల్లు నీలా,” అంది రత్న కడుపు పట్టుకుని.

గెడ్డ ఒడ్డున నీలవేణి బొమ్మను నీళ్లలో పెట్టబోయింది. వేళ్ల మధ్య అది వణికింది. తన చెయ్యే వణికిందేమో, ఎవరు చెప్పగలరు? నీళ్లలో పోయినవాణ్ణి చేతులారా మళ్ళీ నీళ్లలోకి నెట్టడం ఆమె వల్ల కాలేదు. చున్నీలో చుట్టుకుని ఇంటికొచ్చి, అటక మీద బియ్యం డబ్బా వెనక దాచి, “వొదిలీసినాను వొదినా,” అంది.

రత్నకు కొడుకు పుట్టాడు. పేరు పెట్టే రోజున గాసి చెంబు నీళ్లలో వడ్లగింజ వేస్తూ పేరు పిలిచాడు. గింజ తేలితే ఆ మనిషే వచ్చినట్టు. భాస్కర్ అని మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లూ మునిగిపోయింది.

“ఆడు రానేదా?” రత్న నీలవేణి మొహంలోకి చూసింది.

నీలవేణి చూపు పైకి పోయింది. అటక మీద, బియ్యం డబ్బా వెనక నుంచి, గోడ వెంట సన్నగా నీళ్లు కారుతున్నాయి.